ఇంటితోపాటు ఇచ్చిన బీరువా

మీరే విరిచారు ఆ పిల్ల చేతిని! అందరూ కలిసి విరిచారు! అల్లుడుగారి మర్యాద చెడుతుందన్న అత్తగారూ, బావ ఎంత చెబితే అంత అన్న మొగుడూ, కుర్చీ దిగకుండా, టీ కప్పు వదలకుండా ఇల్లంతా చూసేశానన్న ఆ అల్లుడుగారూ... మీ ముగ్గురి చేతులూ చక్కగానే ఉన్నాయి! బొమ్మలేసుకుంటున్న బుజ్జి కుడిచెయ్యి మాత్రం నుజ్జునుజ్జయింది!

మధ్యాహ్నం బడి లేదు. పడగ్గదిలో ఇనప బీరువాకి వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని బొమ్మ గీసుకుంటోంది బుజ్జి. తల్లి హాల్లో కుట్టుమిషను ముందుంది. దభీమని చప్పుడు... ఆ వెనకే "అమ్మా!" అని ఒకే ఒక్క కేక! పరుగెత్తుకెళ్ళి చూస్తే గదినిండా తెల్లటి దుమ్ము. కప్పులోంచి ఊడిపడిన కాంక్రీటు పెళ్ళ ఒకటి, బల్లంత ఉంది, బీరువాకీ నేలకీ మధ్య ఏటవాలుగా పడి ఉంది. దాని కింద ఆ చిన్న చెయ్యి! పక్కవాటా వాళ్ళు పరుగెత్తుకొచ్చి బీరువాని అవతలికి లాగితేగానీ పిల్ల బయటికి రాలేదు.

అప్పుడు కనిపించింది ఆ బీరువా వెనక దాగినది! నేలనుంచి కప్పుదాకా గోడ నల్లగా, నీళ్ళలో నానిన రొట్టెలా ఉబ్బిపోయి ఉంది. వేలు పెడితే వేలు దిగబడింది.

"పిల్లని అక్కడ కూర్చోబెట్టమని నీకెవరు చెప్పారే?" అన్నది అత్తగారు, ఆసుపత్రి వరండాలో అందరూ వినేలా. "మిషను తొక్కే ధ్యాసే తప్ప కన్నపిల్ల ధ్యాస ఉందా నీకు? నువ్వొచ్చిన వేళావిశేషమే అంత!"

కోడలు మందుల చీటీ తీసుకుని మెట్లు దిగింది. నోరెత్తిన రోజున ఎవరు విన్నారు కనక... ఇక ఇప్పుడెందుకు!

ఆ రోజు... ఇల్లు చూడటానికి వెళ్ళిన రోజు! అంతకుముందే ఆమె తన దగ్గర బట్టలు కుట్టించుకునే ఒకావిడ్ని అడిగి, ఇళ్ళు తనిఖీ చేసే ఇంజనీరు ఫోన్ నంబరు సంపాదించి, ఆయన్ని రమ్మని చెప్పి ఉంచింది. ఆయన మేడెక్కి నీళ్ళు ఎటు పోతున్నాయో చూస్తాడట. కుళాయిలన్నీ ఒక్కసారి విప్పి కింది గదుల్లో గోడలు తడుముతాడట. సామాను జరిపించనిదే గది చూసినట్టు ఒప్పుకోడట. "బజానా సొమ్ము ఇచ్చేముందే ఆయన్ని ఒక్కపూట తిప్పండి. ఇచ్చాక చూస్తే ఏడవడానికి తప్ప దేనికీ పనికిరాదు," అని మరీ మరీ చెప్పింది ఆవిడ. ఆ మాటే ఇంట్లో అంటే అత్తగారు అగ్గిమీద గుగ్గిలమైంది.

"సిమెంటు, రంగుల కొట్టు పెట్టుకున్న అల్లుడు ఇంట్లో ఉండగా దారినపోయేవాణ్ణి పిలుస్తావా? రేపు నా కూతురు మొగుడి ముందు తలెత్తుకోవాలా వద్దా?"

"అవునే, బావ ఏమనుకుంటాడు?" అంటూ భర్త అప్పటికప్పుడే ఫోన్ తీసి ఇంజనీరుకి రావద్దని చెప్పేశాడు. ఆమె చేతే నంబరు చెప్పించుకుని మరీ!

అల్లుడుగారు వచ్చారు. హాల్లో కుర్చీ వేయించుకున్నారు. కూర్చున్నచోటినుంచే చెయ్యి చాచి వేళ్ళ కణుపులతో గోడమీద టకటకా కొట్టి, చెవి పెట్టి విని, "ఏనుగెక్కి గెంతినా చెక్కుచెదరదు!" అని తేల్చేశారు. అత్తగారి మొహం చూడాలి అప్పుడు, పెళ్ళిపందిట్లో కూడా అంత వెలగలేదు!

కోడలు మాత్రం పడగ్గదిలో నిలబడిపోయింది. ఏదో వాసన... తడిబట్టలు మూటగట్టి మరిచిపోయిన వాసన. ఆ ఒక్క గోడకే కొత్తరంగు, లేత పిస్తా రంగు. మధ్యలో పెద్ద బీరువా.

"అన్నయ్యా, ఈ బీరువా కాస్త జరిపించండి, వెనక చూద్దాం," అని హాల్లోకి కేకేసింది.

"టీ చల్లారిపోతుందమ్మా!" అని నవ్వారు ఆయన. ఇల్లమ్మేవాడు మధ్యలో అందుకున్నాడు. "దాన్ని జరపడమెందుకమ్మా? బీరువా కూడా మీకే, ఇంటితోపాటే ఇచ్చేస్తున్నాం!"

ఇంకేం! ఊరికే వచ్చిన ఇనప బీరువా! అత్తగారు దాని తలుపు తీసి చూస్తూ మురిసిపోయింది. పక్కనే ఇల్లమ్మేవాడి భార్య, అరచెయ్యి బీరువాకి ఆనించి తలదించుకుని నిలబడి ఉంది. "ఏం వాసనండీ ఇది?" అని అడిగితే, తల ఎత్తకుండానే "కలరా ఉండలు," అన్నది.

ఆ ఇల్లాలికి ఎన్ని శాపనార్థాలు పెట్టింది తర్వాత ఈ తల్లి! ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని, నీ చేతులు పడిపోనూ అని...

కప్పు మళ్ళీ అతికించడానికి వచ్చిన మేస్త్రీ పైకి చూసి నిట్టూర్చాడు. "పై వాటా స్నానాలగది నీళ్ళు ఏళ్ళతరబడి దిగాయి తల్లీ. లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బి, కాంక్రీటుని కిందికి నెట్టేసింది. నేను అతికిస్తాను, కానీ పైన నీళ్ళు ఆపకపోతే ఇదీ ఊడుతుంది."

పై వాటా పరాయివాళ్ళది, అక్కడ నీళ్ళు ఎవరాపుతారు? బుజ్జికి ఇంకో ఆపరేషన్ కావాలన్నారు. చెయ్యకపోతే ఆ వేళ్ళు ఇక ముడుచుకోవన్నారు. దానికి ఉన్న దారి ఒక్కటే, ఇల్లు అమ్మడం. "నేనున్నాను కదా! వారంలో కొనేవాళ్ళని తెస్తాను," అన్నారు అల్లుడుగారు. బీరువాని మళ్ళీ గోడకి నెట్టించారు. కొట్టునుంచి స్వయంగా రంగుడబ్బా మోసుకొచ్చారు. మూత తీశారు... లేత పిస్తా! అచ్చం అదే రంగు!

కోడలు డబ్బాలోకీ గోడకేసీ మార్చిమార్చి చూసింది. బట్టముక్క పట్టుకుని దానికి సరిపడే రంగు దారం వెతకడమే ఆమెకి రోజూ తలనొప్పి. నమూనా లేకుండా ఇంత కచ్చితంగా...

"రంగు నమూనా ఎవరిచ్చారు అన్నయ్యా?"

"నమూనా ఎందుకమ్మా? నేను కలిపిన రంగు నాకు తెలీదూ!" అన్నారు గొప్పగా. అనేశాక ఆయన చేతిలోని మూత నేలమీద దొర్లింది.

అయ్యో... టీ చల్లారుతుందని రాలేదనుకుంది! రావలసిన పనే లేక రాలేదు! నిలదీస్తే నసుగుతూ ఒప్పుకున్నారు, ఇల్లమ్మినవాడు ఆయన కొట్టుకి పాత ఖాతాదారు. ఆ గోడ ఎలా ఉందో, దాన్ని ఎలా కప్పాలో చెప్పి రంగు కలిపి పంపింది ఈయనే! మేనకోడలు పడుకోబోయే గదికి!

ఆమె అరిచింది. అత్తగారు వచ్చింది, విన్నది, ఒక్క క్షణం పాలిపోయింది. తర్వాత పళ్ళు కొరికింది. "అయితే ఏమిటే? పోయిన చెయ్యి తిరిగొస్తుందా? ఈ మాట గుమ్మం దాటిందంటే నా కూతురి కాపురం బుగ్గయిపోతుంది. నోరు కుట్టుకో! బట్టలు కుట్టడం వచ్చుగా!"

ఆమె భర్తవైపు చూసింది. ఆయన నేలవైపు చూశాడు. "ముందు ఇల్లు అమ్ముడుపోనీ... బుజ్జికోసం..."

బుజ్జికోసం! ఆ ఒక్క మాటతో ఆమె గొంతు పిసికేశారు.

కొనేవాళ్ళు వచ్చారు. మొన్నమొన్న పెళ్ళయినట్టున్న జంట. ఆ పిల్లకి నెలలు నిండాయి, నడుం పట్టుకుని ఆయాసపడుతూ గదిగదీ తిరిగింది. అల్లుడుగారు హాల్లో గోడ టకటకలాడించారు. ఏనుగు మళ్ళీ ఎక్కి గెంతింది! పడగ్గదిలో ఆ పిల్ల ఆగి, కప్పుకేసి చూసి, మురిపెంగా అన్నది. "బిడ్డ మంచం ఇక్కడ వేద్దామండీ, ఈ బీరువా పక్కన. ఎండ పడదు."

సరిగ్గా అక్కడే! బుజ్జి కూర్చున్నచోటే!

"అక్కా, ఏదో వాసనొస్తోంది... ఏమిటది?"

"బీరువా కూడా మీకే ఇచ్చేస్తున్నామమ్మా!" అన్నారు వెంటనే అల్లుడుగారు.

కోడలి పెదవులు కదిలాయి. "కల..." అనబోయి తన చెయ్యి చూసుకుంది. అరచెయ్యి బీరువాకి ఆనించి ఉంది! తల దించుకుని ఉంది! ఆ రోజు ఆ ఇల్లాలు ఎలా నిలబడిందో అలాగే! ఆ మనిషి నోరు కూడా ఎవరో ఇలాగే నొక్కేసి ఉంటారు...

గుమ్మంలో బుజ్జి. కట్టుకట్టిన చెయ్యి మెడలో వేలాడుతోంది. ఎడమచేత్తో గౌను బొత్తాం పెట్టుకోలేక పళ్ళతో లాగుతోంది.

"బీరువా జరపమని అడుగు తల్లీ!" అని కోడలు ఆ గర్భిణి ముందు బావురుమంది. "జరపందే ఈ ఇల్లు కొనకు!"

"దీనికి పిచ్చెక్కింది!" అని అత్తగారు జుట్టు పట్టుకోబోయింది. భర్త అడ్డంగా నిలబడి, "నీకు నీ పిల్ల కావాలా, పరాయివాళ్ళు కావాలా? తల్లివేనా నువ్వు!" అన్నాడు. ఆ మాట చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది. అయినా ఆమె భుజం బీరువాకి ఆనించి తోసింది. అది కదలలేదు.

"అమ్మా, నేనూ తోస్తా," అంది బుజ్జి. ఎడమభుజం పక్కన చేర్చింది.

కిర్రుమంటూ కదిలింది బీరువా! కనిపించినంతమేర పిస్తా రంగు, వెనకంతా నలుపు. ఆ గర్భిణి రెండు చేతులతో పొట్ట కప్పుకుని వెనక్కి తగ్గింది. వెళ్ళేముందు ఈమె చెయ్యి ఒక్కసారి గట్టిగా పట్టుకుంది.

వాళ్ళు వెళ్ళగానే, "ఇక పిల్ల చేతికి నీదే పూచీ!" అన్నారు అల్లుడుగారు, చెప్పులు వేసుకుంటూ.

"ఆగండి అన్నయ్యా!" ఆమె కన్నీళ్ళు తుడుచుకోలేదు. "ఏనుగెక్కి గెంతినా చెక్కుచెదరదన్నారుగా? అయితే మీరే కొనండి! మాచేత కొనిపించిన ధరకే కొనండి! బుజ్జిని ఆపరేషన్‌కి తీసుకెళ్ళేలోపు కొనండి! అత్తయ్యా, కూతురి కాపురం అన్నారే, ఇది మీ కొడుకు కూతురు. ఈ చెయ్యి పట్టుకుని ఇప్పుడు చెప్పండి, నోరు కుట్టుకోమని!"

అత్తగారు ఆ కట్టువైపు చూడలేక గోడవైపు తిరిగింది. అటు గోడ ఇంకా నల్లగా ఉంది.

"ఏమండీ, మీరు ఫోన్ తియ్యండి. ఆ రోజు రావద్దన్న ఇంజనీరుని ఇవాళ రమ్మనండి. చూసింది చూసినట్టు రాసిమ్మనండి. ఆ కాగితంతో ఇల్లమ్మినవాడినీ మీ బావనీ ఒకేచోట నిలబెడదాం. నంబరు నేనేం మరిచిపోలేదు, చెప్తాను... నొక్కండి!"