పరాంకుశం మడి

సంచిలో రెండు చొక్కాలు, తువ్వాలు, ఆవకాయ సీసా సర్ది, పైన గొడుగు పెట్టింది వకుళ. 2094లో శివరాత్రి రాకముందే అనంతపురంలో వేసవి మొదలైంది.

"పడుకునేవాడికి గొడుగెందుకు?" అన్నాడు పరాంకుశం.

"లేచే రోజు వాన పడతాంటుంది కదండీ."

భార్యాభర్తలిద్దరూ శాస్త్రజ్ఞులే. ఆయనది గడ్డి, ఆమెది మనుషుల నిద్ర. ఊళ్లోని గోల్ఫ్ మైదానానికి వేసవిలో నీళ్లివ్వడం ఎప్పుడో మానేశారు. అందుకే పరాంకుశం సుప్తిరసం తయారు చేశాడు. అది చల్లితే గడ్డి పైకి ఎండిపోయి, వేళ్లలో మాత్రం ప్రాణం నిలుపుకుని నిద్రపోతుంది. తొలకరి తగలగానే వేళ్లలో మేల్కొలుపు రసం ఊరుతుంది.

నీళ్లు చాలని ఊళ్లో మనుషుల్ని కూడా అలాగే వేసవి దాటించవచ్చని వకుళ కనిపెట్టింది. ఒక మనిషినీ, ఒక మడి గడ్డినీ ఒకే పాత్రలోని సుప్తిరసంతో నిద్రపుచ్చాలి. ఆ మడిలో ఊరిన రసమే ఆ మనిషిని లేపుతుంది. వేరే మడిది పనికిరాదు. మొదట పరాంకుశంతో కలిపి ఐదుగురు ముందుకొచ్చారు. మైదానంలో ఎవరి మడి కింద వారి గది.

గదిలోకి దిగే మెట్ల దగ్గర ఆయన సంచి అందుకున్నాడు. "సరే, పోతా."

"పోయొస్తా అనండి."

"పోయొస్తాలే. నువ్వు మాత్రం మడి మీదికి రావద్దు. నీకు కుదురు తక్కువ."

నెలకల్లా మైదానం గడ్డివాములా పసుపెక్కింది. క్లబ్బు సభ్యులు చూడలేక దానికి ఆకుపచ్చ రంగు కొట్టించారు. వకుళ రోజూ సాయంత్రం గట్టు మీద చెప్పులు విడిచి, నడుచుకుంటూ వెళ్లి ఆయన మడి మీద నిలబడేది.

"మళ్లీ వచ్చారా అమ్మా," అనేది మాలి. మైదానాన్ని చూసుకునే యంత్రం అది. "ఆయన గుండె బాగా కొట్టుకుంటోంది. ఇంట్లో తెర మీద చూడొచ్చు."

"తెర మీద చూసేదానికి ఆయనేమన్నా సినిమానా?"

"నిద్రలో నలిగిన గడ్డి మళ్లీ చిగురించదు."

"పచ్చగానే ఉంది కదా."

"అది పూసిన రంగు."

"తెలుసులే. సభ్యుల మాదిరి బూట్లతో తొక్కుతున్నానా? చెప్పులు విడిచే వచ్చినాను."

"గడ్డికి ఆ తేడా తెలియదమ్మా."

ఆమె మర్నాడూ వచ్చింది.

జులైలో వాన పడింది. రంగు కరిగి కాలువలో కలిసింది. వారానికల్లా మైదానమంతా నిజంగా పచ్చబడింది. నలుగురు లేచి, తడుస్తూ ఇళ్లకు పోయారు. గట్టు నుంచి ఒక మడి దాకా, మనిషి నడిచేంత వెడల్పున, బూడిదరంగు దారి మిగిలింది. దారి ఆగిన చోట మడి కూడా అదే రంగులో ఉంది. మాలి అక్కడి వేళ్లన్నీ వెతికి, "రసం లేదమ్మా," అంది.

మరుసటి సంవత్సరం మడుల చుట్టూ ఎత్తుగా కంచె కట్టారు. సాయంత్రమైతే కంచె బయట వరసగా, లోపల నిద్రపోతున్నవారి ఇంటివాళ్లు విడిచిన చెప్పులు కనబడతాయి.

పరాంకుశం తిరిగి రాలేదు. 2094 డిసెంబరు ఆరున, నిద్రలోనే, ఆయన గుండె ఆగింది.