మనిషిని చూసి ఆరిన మంట

పొగకన్ను ఊరిమీద మధ్యాహ్నపు చుట్టు ముగించి కొండ అవతలికి వెళ్లేసరికి, సూరీడమ్మ, ఆమె కూతురు గౌరి దుకాణంలో పొయ్యిలు చూస్తున్నారు. నిరుడు అడవి తగలబడ్డప్పటి నుంచీ ఆ ఎగిరే యంత్రం ఏ పెరట్లో పొగ లేచినా పసిగట్టి నురుగు కురిపిస్తోంది. నీళ్లు గడ్డకట్టే ఆ కొండ ఊళ్లో ఇక నెగడు వేసుకునే వీల్లేదు. ఆరుబయట మంట కావాలంటే పొగ రాని పొయ్యి కొనుక్కోవలసిందే.

సూరీడమ్మకు మంట కావలసింది చలికి కాదు, తమ్ముడు ఎర్నాయుడి కోసం. మూడేళ్ల కిందట అతను వేసిన నెగడులోంచి నిప్పురవ్వ ఎగిరి గౌరి పావడా అంటుకుంది. పిల్ల కాలిమీద మచ్చ మిగిలింది. అప్పటి నుంచీ అతను అక్క గడప తొక్కలేదు. ఆ ఊళ్లో ఎవరినీ నోటితో పిలవరు. పెరట్లో మంట కనిపిస్తే అదే పిలుపు. వచ్చినవాళ్లు తమవంతు కట్టెపుల్ల తెచ్చి మంటలో వేసి కూర్చుంటారు. పిల్లకు భయమని ఇన్నాళ్లూ ఆమె పెరట్లో మంట వెయ్యలేదు. ఇప్పుడు వేస్తే తమ్ముడు వస్తాడని ఆమె నమ్మకం.

గ్యాసు పొయ్యి చూశారు. గాలికి మంట వాలితే పెరటివైపు చెక్క అరుగు అంటుకుంటుందని భయపడ్డారు. వెలుగే తప్ప వేడి లేని నీటిమంట చూశారు.

“దీని ముందు కూకుంటే జలుబు సేస్తాది,” అంది సూరీడమ్మ.

చివరికి ఎరుకపొయ్యి నచ్చింది. అది ఇంట్లోవాళ్ల ముఖాలు గుర్తుపడుతుంది. చెయ్యి మరీ దగ్గరికొస్తే మంటను తగ్గిస్తుంది. ఎరగని మనిషి కాలే వస్తువేదైనా పట్టుకుని వస్తే వెంటనే ఆరిపోతుంది. కింద రాతిపలక వేసి, గోడకూ చూరుకూ దూరంగా పెట్టమని దుకాణదారు చెప్పాడు. పిల్లకేమీ కాదు కదా అని సూరీడమ్మ మళ్లీ మళ్లీ అడిగింది. తనకు మంటంటే భయం లేదని గౌరి చెప్పాలనుకుంది, కానీ కొత్తవాళ్ల ముందు నోరు పెగల్లేదు.

ఆ సాయంత్రం అరుగు మీద పొగలేని మంట లేచింది. కాసేపటికే ఎర్నాయుడు కట్టెపుల్ల పట్టుకుని పెరటి దారిన వచ్చాడు. సూరీడమ్మ లేచి నిలబడింది. అతను మెట్టెక్కగానే మంట ఆరిపోయింది.

ఆ ఊళ్లో వచ్చిన మనిషిని చూసి మంట ఆర్పితే, ఇక మనకూ నీకూ ఏమీ లేదని అర్థం.

“నానేటీ సెయ్యలేదురా, అదే ఆరిపోనాది,” అంది సూరీడమ్మ.

ఎర్నాయుడికి కోపం రాలేదు. “దానికి నా మొకం నేర్పలేదు గదప్పా,” అన్నాడు. “మంచిదేలే. పిల్ల కాడికి నాను రాకుంటేనే మంచిది.”

పుల్ల కింద పెట్టి వెళ్లిపోయాడు.

సూరీడమ్మ దుకాణదారుకు ఫోను చేసింది. పొయ్యి చక్కగా పనిచేసిందని అతను సంతోషించాడు. రేపు ఆయన ముఖం ఎక్కించుకోండి, సరిపోతుంది అన్నాడు. ఆమె ఫోను పెట్టేసింది.

గౌరి మాత్రం చెప్పులైనా వేసుకోకుండా మామ ఇంటికి నడిచింది. అతను చీకటి పడుతున్న వాకిట్లో అరుగు మీద గొంగళి కప్పుకుని ఒక్కడే కూర్చున్నాడు. ఆమె అరుగుకు రెండో కొసన కూర్చుంది.

“ఎల్లిపో గుంటా. అమ్మ ఎతుక్కుంటాది,” అన్నాడు.

మచ్చ నొప్పి పెట్టదనీ, ఆ నిప్పురవ్వను నువ్వేం విసరలేదనీ చెప్పాలని దారిపొడుగునా అనుకుంటూ వచ్చింది.

“సలేస్తంది మావా,” అంది చివరికి.

అతను చుట్టూ చూశాడు. పిల్ల కాలు కాలినప్పటి నుంచీ ఆ వాకిట్లో మంటే లేదు. గొంగళి తీసి, దూరం నుంచే చెయ్యి చాచి అందించాడు. గౌరి అందుకోలేదు. గొంగళి ఇద్దరి మధ్యా అలాగే వేలాడింది. చాలాసేపటికి అతను లేచి వచ్చి పక్కన కూర్చుని, ఇద్దరికీ కలిపి కప్పాడు.

వెతుక్కుంటూ వచ్చిన సూరీడమ్మ వాకిట్లోనే ఆగిపోయింది. ఎర్నాయుడు తలెత్తి అక్కను చూశాడు. కొంచెం జరిగి చోటిచ్చాడు.

గొంగళి ముగ్గురికీ చాలలేదు. అయినా ఎవరూ లేవలేదు.