మౌనిక కనిపెట్టిన రెండో దారి

ఉదయం ఎనిమిది. వరంగల్‌లోని ఓ మైక్రోబయాలజీ ల్యాబ్.

రీసెర్చ్ స్కాలర్ మౌనిక కుర్చీలోనే ఒరిగిపోయి ఉంది. పక్కన ఆమె వాటర్ బాటిల్. అందులో సైనైడ్ కలిసిందని సాయంత్రానికి తేలింది.

"సూసైడ్ మేడం," అన్నాడు ఆమె గైడ్ ప్రొఫెసర్ ఓంప్రకాశ్ సీఐ పద్మలతతో, తాపీగా కళ్లద్దాలు తుడుచుకుంటూ. "నిన్న సెమినార్‌లో ఆమె ఫ్రాడ్ బయటపడింది. తట్టుకోలేకపోయింది. సైనైడ్ మా బీరువాలోదే."

గుమ్మం దగ్గర కూలబడ్డ తల్లి రత్నమ్మ లేచింది. పరకాలలో పత్తి ఏరి బిడ్డను చదివించిన మనిషి.

"నా బిడ్డ గసొంటిది కాదు మేడం. సచ్చినంక గూడ దొంగ అనబట్టిరి. జర మీరే చూడుండ్రి."

పద్మలతకు ఒళ్లు మండింది. చచ్చినవాళ్ల మీద నిందవేసే పెద్దమనుషులంటే ఆమెకు గిట్టదు. తోటి స్కాలర్ భానుచందర్‌ను పక్కకు పిలిచింది.

"ఏంటా ఫ్రాడ్?"

"ఈ బ్యాక్టీరియా వెలుతురుంటే దాంతోని బతుకుతది మేడం. చీకట్ల మనలెక్క ఊపిరి పీలుస్తది. సైటోక్రోమ్‌లనే ప్రోటీన్లు ఎలక్ట్రాన్లను ఆక్సిజన్ దాక మోస్తయి. సైనైడ్ ఆ దారి మూసేస్తది. దీనికి ఒక్కటే దారి అని రాసి సార్ పేరు తెచ్చుకున్నడు. సైనైడ్‌కు లొంగని రెండో దారి ఉన్నదని మౌనిక పట్టుకున్నది."

"ఎలా?"

"ఆ రెండో దారి తెగ్గొట్టిన రకం తయారుచేసింది. సైనైడ్ పోస్తే మామూలుదానికి ఊపిరి నడుస్తది, దీనికి ఆగుతది. పోయినవారం దాక ఆగింది. నిన్న సెమినార్ల సారే తూచి పోసిండు, ఆగలే. 'పత్తి ఏరుకునేటోళ్లకు పీహెచ్‌డీ ఎందుకు' అని అందరి ముంగట నవ్విండు." భానుచందర్ ఫోన్ తీశాడు. "వీడియో ఉంది మేడం."

పద్మలత వీడియో చూసింది. మళ్లీ చూసింది. బీరువాలోని సైనైడ్ సీసాను పరీక్షకు పంపింది.

మర్నాడు అందరినీ ల్యాబ్‌లో కూర్చోబెట్టింది.

"బీరువా తాళాలు ఎవరి దగ్గరుంటాయి?"

"నా దగ్గరొకటి, మౌనిక దగ్గరొకటి," అన్నాడు ఓంప్రకాశ్.

"గ్లవ్స్ లేకుండా సైనైడ్ ముట్టుకోవచ్చా?"

"ముట్టుకున్నవాణ్ణి గెంటేస్తాను."

పద్మలత ఫోన్ ఆయన ముందు పెట్టింది. వీడియోలో ఓంప్రకాశ్ వట్టి చేతులతో సీసా తెరిచి, పొడి తూచి, వేళ్లకంటింది ప్యాంటుకు తుడుచుకుంటున్నాడు.

"సీసాలో ఉన్నది వంటుప్పు. రిపోర్ట్ వచ్చింది. ఉప్పుకు బ్యాక్టీరియా ఊపిరెందుకు ఆగుతుంది? తన పరువు తానే తీసుకోవడానికి మౌనిక ఉప్పు నింపుకోదు. ఉప్పని తెలిసినవాడే అంత ధీమాగా ముట్టుకుంటాడు. ముందే తీసిన సైనైడ్‌ను ఆమె నీళ్లలో కలిపారు. సిగ్గుతో చచ్చిందని నమ్మించడానికి సిగ్గు కూడా మీరే తయారుచేశారు."

ఓంప్రకాశ్ పళ్లు కొరికాడు. "నేను రాసింది తప్పని నా దగ్గర చదివే పిల్ల చెబితే ఊరుకోవాలా?"

బేడీలు పడ్డాయి. రత్నమ్మ వచ్చి పద్మలత చెయ్యి పట్టుకుంది.

"అయితే నా బిడ్డ చెప్పింది నిజమేనా మేడం?"

"నిజమే అమ్మా."

"పొయ్యేముందు దానికి ఎరుకైందా?"

అబద్ధం చెబుదామనుకుంది పద్మలత. నోరు రాలేదు. తల అడ్డంగా ఊపింది.