అప్పలస్వామిగారు సిద్ధంగా ఉన్నారు

హారతి కళ్ళకద్దుకున్నారా అందరూ? ఆ వెనక కూర్చున్నవాళ్ళు కాస్త ముందుకి జరగండమ్మా. గూడ్సు బండి వెళ్ళిందంటే నా గొంతు మీదాకా రాదు. చేతిలో ప్రసాదం పెట్టుకుని దెయ్యం కథేమిటి జ్యోతిర్మయీ అంటారేమో. ప్రసాదం ఉన్నప్పుడే చెప్పాలి. వట్టి చేతులతో ఈ కథ చెప్పే ధైర్యం నాకు లేదు.

దెయ్యాలకి అర్ధరాత్రే కావాలని ఎవరన్నారో గాని, ఇది మండువేసవిలో, మధ్యాహ్నం జరిగింది. 2008లో. మన బిలాస్‌పూర్ ఎండ మీకు కొత్తేమీ కాదు. లూ వడగాలి కొట్టే వేళకి లాల్‌ఖదాన్ రోడ్డు మీద కుక్క కూడా ఉండదు. కిటికీలకి వట్టివేళ్ళ తడికలు కట్టి, నీళ్ళు చల్లి, కూలర్ వేసుకుని చీకట్లో పడుకుంటాం. మా క్వార్టర్ ముందుగది పట్టపగలే గుహలా ఉండేది. తడిసిన వేళ్ళ వాసన. కూలర్ హోరు. దూరంగా షంటింగులో వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటున్న చప్పుడు.

ఆ గదిలోనే మా మావయ్యగారి బల్ల. ఆయన పేరు అప్పలస్వామి. గూడ్సు ఆఫీసులో టైపిస్టుగా చేసి రిటైరయ్యారు. ఆ ముందు చలికాలంలోనే ఆయాసంతో పోయారు. ఇంకా ఏడాది తిరగలేదు. మా అత్తయ్య అప్పలనర్సమ్మ, మావయ్య నోట నర్సమ్మ, పెద్దగా ఏడవలేదు. రోజూ ఆ బల్ల తుడిచేది, అంతే. తల్లి లేని నాకు ఈ ఊళ్ళో తల్లంటే ఆవిడే. నాకు పురుళ్ళు పోసింది ఆవిడే, ఈ భజన నేర్పిందీ ఆవిడే. ఆవిణ్ణి కూడా పోగొట్టుకోకుండా చూడు తల్లీ అని కనకమహాలక్ష్మికి రోజూ మొక్కేదాన్ని.

మన భజన మండలి పిల్లలకి తెలుగు చదవడం రాదు కదా. అమ్మవారి నామాలు హిందీ అక్షరాల్లో అచ్చేసి ఇద్దామనుకున్నాను. మా తమ్ముడు నాగేంద్ర సిగ్నల్స్‌లో పనిచేస్తాడు. వాడికి లినక్స్ కంప్యూటర్ల పిచ్చి. కంప్యూటర్ తెచ్చి మావయ్య బల్ల మీద పెట్టాడు. ఎక్కడో తీసేసిన పాత లేజర్ ప్రింటర్ ఒకటి తెచ్చి పక్కన తగిలించాడు.

"స్టేబుల్ వెర్షన్ అక్కా. కొత్త సోకులుండవు. ఒకసారి కుదిరిందా, ఇంక కదలదు."

"కుదరనీరా ముందు."

"ఏక్ మినిట్. ప్రింటర్‌కి పేరు పెట్టమంటోంది. ఏం పెట్టను?"

"ఏదో ఒకటి పెట్టు."

"మావయ్య బల్ల మీదే కదా ఉంది. ఆయన పేరే పెట్టేస్తాను. అత్తమ్మా, స్పెల్లింగు చెప్పు."

అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆయన పేరు నా నోటంట రాదు బాబూ. నువ్వే రాసుకో."

అందరం నవ్వాం. పోయినవాళ్ళ పేరు మనం పిల్లలకి పెట్టుకుంటాం, నిజమే. కానీ సంవత్సరీకం అయ్యాకే. ఏడాది తిరిగేదాకా ఆ పేరుతో కొత్తగా ఎవర్నీ పిలవం. ఆత్మ ఇంకా దారిలో ఉంటుంది. పిలిస్తే వెనక్కి తిరుగుతుంది. మా నాగేంద్రకి అవేమీ తెలీవు. వాడు టకటకా కొట్టేశాడు.

ఇంక మొదలయ్యాయి చూడండి వాడి తిప్పలు. ప్రింటర్‌లో దీపం వెలిగేది, కాగితం మాత్రం కదిలేది కాదు. డ్రైవర్ సాఫ్ట్‌వేర్ మార్చాడు, తీగ మార్చాడు. వాడు స్క్రీన్ మీది ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్తుంటే నాకు నవ్వాగేది కాదు.

"అప్పలస్వామి సిద్ధంగా ఉన్నాడు... అరే యార్, అప్పలస్వామి ఆగిపోయాడు. మళ్ళీ మొదలుపెట్టమంటావా అని అడుగుతోంది."

"ఒరే, మావయ్యని పట్టుకుని వాడూ వీడూ అంటావేట్రా!"

"అచ్ఛా బాబా. అప్పలస్వామిగారు ఆగిపోయారు. చాలా?"

వంటింట్లోంచి అత్తయ్య వచ్చింది. తడి చెయ్యి చీరకి తుడుచుకుని ప్రింటర్ మూత మీద చిన్నగా తట్టింది. "ఏటండీ, పిల్లోడు అంతలా బతిమాల్తంటే ఇనబడ్డం లేదేటి? కానియ్యండి."

ప్రింటర్ లోపల ఏదో కదిలింది. దీర్ఘంగా ఊపిరి పీల్చుకున్నట్టు. కాగితం బయటికొచ్చింది. వెచ్చగా, అమ్మవారి నామాలతో.

నాగేంద్ర పడీ పడీ నవ్వాడు. "లూజ్ కాంటాక్ట్ అక్కా! అత్తమ్మ దెబ్బకి సెట్టయింది."

కానీ ఆ తర్వాత అది అత్తయ్య చెప్తేనే పనిచేసింది. నేను తట్టినా, వాడు తట్టినా ఆగిపోయేది. ఆవిడ పక్కన కూర్చుని "కానియ్యండి" అంటే చాలు, ఆగేది కాదు. రాన్రాను మేం ఏదీ అచ్చు వెయ్యని వేళ కూడా ఆవిడ అక్కడే కూర్చోడం మొదలెట్టింది. మూత మీద అరచేత్తో రాస్తూ... ఆయాసం వచ్చినప్పుడు మావయ్య గుండె మీద రాసినట్టు. అన్నం తగ్గిపోయింది. చీర భుజమ్మీంచి జారేంత చిక్కిపోయింది.

"ఇక్కడేం చేస్తున్నావు అత్తయ్యా?"

"ఒక్కరే ఉన్నారటే. తోడుకి రమ్మంతన్నారు."

మా ఇంటాయన గూడ్సు గార్డు. ఆ రోజు కట్నీ లైన్లో డ్యూటీలో ఉన్నారు. నాగేంద్రకి ఫోన్ చేసి, ఎండైనా సరే, వెంటనే వచ్చి ఆ పేరు తీసెయ్యరా అన్నాను.

వచ్చాడు. వాడి మొహం ఎండకి కందిపోయింది. తలుపు మూసేసరికి గది మళ్ళీ చీకటయింది. స్క్రీన్ వెలుగు ఒక్కటే. అత్తయ్య ప్రింటర్ పక్కన కుర్చీలో ఉంది. కళ్ళు సగం మూసుకుని ఉన్నాయి.

"అప్పలస్వామిని తీసేయమంటారా అని అడుగుతోంది." వాడు ఈసారి నవ్వలేదు.

"తీసెయ్."

"వద్దు బాబూ..." అంది అత్తయ్య. ఆ గొంతు ఎక్కణ్ణించో వచ్చినట్టుంది.

వాడు నొక్కాడు. పేరు పోయింది. నేను దణ్ణం పెట్టుకున్నాను.

పేరు మళ్ళీ వచ్చింది.

అప్పలస్వామి. సిద్ధంగా ఉన్నారు.

మళ్ళీ తీసేశాడు. మళ్ళీ వచ్చింది. వెనక తీగ పీకేశాడు. ప్రింటర్ దీపం ఆరిపోయింది. అయినా స్క్రీన్ మీద... సిద్ధంగా ఉన్నారు.

"ఎలాగరా?"

"తెలీదక్కా. ఇది ఇలా చెయ్యకూడదు."

ప్రింటర్ పొడి కాలిన వాసన గదంతా కమ్మింది. అప్పుడు ఆ పేరు కింద ఇంకో వరస వచ్చింది. ఒక్కో అక్షరమే. ఎవరో టైపు చేస్తున్నట్టు.

అప్పలనర్సమ్మ.

"నువ్వు కొట్టావా?" అన్నాను.

వాడు రెండు చేతులూ పైకెత్తి చూపించాడు.

ఆ పేరు పక్కన ఒక మాట పడింది. ఆగింది.

అత్తయ్య తల ఒక పక్కకి వాలిపోయింది. పరిగెత్తాను. ముక్కు దగ్గర వేలు పెట్టాను. ఊపిరి లేదు. గుండె మీద చెయ్యి పెట్టాను. కదలడం లేదు.

"నాగేంద్రా... నొక్కరా."

"ఏది?"

"మళ్ళీ మొదలుపెట్టు అని ఉంటుంది కదరా! అది!"

నొక్కాడు.

అత్తయ్య రొమ్ము పొంగింది. ఊపిరి తీసింది... వదిలింది. మళ్ళీ లేదు. స్క్రీన్ మీద... ఆగింది.

నొక్కాడు. ఒక ఊపిరి.

నొక్కాడు. ఇంకో ఊపిరి.

తల్లీ, ఆ సంగతి ఎలా చెప్పను మీకు? వాడు నొక్కినంతసేపే ఆవిడ ఉంది. వేలు ఎత్తితే లేదు. నేను అరిచాను. ఆ ఎండలో, ఆ కూలర్ల హోరులో ఎవరికి వినబడుతుంది? ఫోన్ పక్కగదిలో ఉంది. ఆవిడ చెయ్యి వదిలి వెళ్ళలేను. వాడు కుర్చీ వదిలి లేవలేడు. అమ్మవారి నామాలు మొదలెట్టాను. నిద్రలో అడిగినా అప్పజెప్పేదాన్ని... మొదటి నామం తర్వాత రెండోది గుర్తురాలేదు. దాన్నే పట్టుకుని మళ్ళీ మళ్ళీ అన్నాను.

"అక్కా..." నాగేంద్ర గుసగుసలాడాడు. "కరెంటు పోతే?"

ఆ రోజుల్లో మధ్యాహ్నం కరెంటు ఎప్పుడు పోయేదో మీకు తెలుసు. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది.

"మాట్లాడకు. నొక్కు."

చెమట వాడి కళ్ళలోకి కారుతోంది. తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ లేదు. పైన అప్పలస్వామి, కింద అప్పలనర్సమ్మ. రెండు వరసలూ ఆనుకుని ఉన్నాయి. నొక్కు... ఊపిరి. నొక్కు... ఊపిరి.

ఉన్నట్టుండి కూలర్ గొంతు తగ్గింది. రెక్కలు నెమ్మదించాయి.

వాడు ఆత్రంగా నొక్కాడు.

చీకటి.

ఏ చప్పుడూ లేదు. తడికల మీంచి నీటి చుక్కలు నేల మీద పడుతున్నాయి, అంతే. నా చేతిలో అత్తయ్య చెయ్యి చల్లబడిపోతోంది. నేను కళ్ళు మూసుకున్నాను.

"అక్కా," అన్నాడు వాడు చీకట్లో. "ఆఖర్న... పైదాని మీద నొక్కానా, కిందదాని మీదా?"

జవాబు చెప్పేలోపు ఆ చెయ్యి నా వేళ్ళని పట్టుకుంది. గట్టిగా. అత్తయ్య నిండుగా ఊపిరి తీసింది. మళ్ళీ తీసింది. ఆగలేదు. నేను ఏడుస్తూ, నవ్వుతూ తలుపు తీశాను. వెలుగు లోపలికొచ్చింది. నీళ్ళిస్తే గ్లాసెత్తి గటగటా తాగేసింది. గదంతా కలయజూసింది. నావైపు తిరిగింది.

"నర్సమ్మేదమ్మా?" అంది. "ఇప్పుడిక్కడే కూకుంది కదా."

వడదెబ్బ అన్నారు రైల్వే ఆసుపత్రిలో. మాట తడబడుతుంది, నాలుగు రోజుల్లో సర్దుకుంటుందన్నారు. నాగేంద్ర ఆ సాయంత్రమే కంప్యూటర్, ప్రింటర్ రెండూ మోసుకుపోయాడు. ఏం చేశాడో నేనడగలేదు, వాడు చెప్పలేదు.

అత్తయ్య బాగానే ఉంది. మునుపటి కంటే బలంగా ఉంది. ఇప్పుడు కూడా ఆ పక్కగదిలో పడుకునుంది. హారతికి మాత్రం రాదు. నేను అత్తయ్యా అంటే ఒక్కోసారి పలకదు. ఆవిడ ప్రాణం దక్కిందని మొక్కు చెల్లించుకోవాలో, ఎవరి కోసం ఏడవాలో ఇప్పటికీ తెలీదు.

రాత్రి భోజనమయ్యాక ఇంకో కంచంలో అన్నం పెట్టించుకుని గదిలోకి తీసుకెళ్తుంది. "నర్సమ్మ ఇంకా తిన్లేదు" అంటుంది. ఓసారి ఆవిడ కంచంతో లోపలికెళ్ళాక ఆ గది తలుపుకి బయటినుంచి నేనే తాళం వేశాను. ఆ గదిలో నీళ్ళు లేవు, మంచినీళ్ళ గ్లాసు కూడా లేదు. పొద్దున్న తాళం తీసి చూస్తే ఆవిడ నిద్రలో ఉంది. కంచం వంటింట్లో ఉంది. కడిగి, గట్టు మీద బోర్లించి ఉంది.

అంచునుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి.