గ్లెనిస్ చేయని సంతకం

గురువారం పొద్దున కూతురు నియాకి ఓట్స్ జావ తినిపిస్తుంటే లౌరీ ఫోను మోగింది. అత్తగారు గ్లెనిస్. ఇవాళ పిల్లను ఎనిమిదింటికి తేవద్దు, పదకొండు దాటాక తీసుకురా అని, ఎందుకో చెప్పకుండానే పెట్టేసింది. లౌరీ చెంచా చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మంగళ, గురువారాలు నియా నానమ్మ దగ్గరే ఉంటుంది. లౌరీ బడి వంటగదిలో పనికి పోతుంది. ఈ రెండేళ్ళలో ఆవిడ తనకు జ్వరమొచ్చినా ఒక్కరోజు కాదనలేదు.

అనుమానం ఆ రోజు పుట్టింది కాదు. రెండు వారాలుగా పెరుగుతోంది.

వాళ్ళుంటున్న ఫ్లాటును యజమాని అమ్మేస్తున్నాడు. ఆగస్టు ఆఖరుకి ఖాళీ చేయాలి. వాళ్ళ ఊరు పోర్ట్ టాల్బట్‌లో అద్దెలు మండిపోతున్నాయి, అందుకే చిన్న ఇల్లు కొనుక్కుందామనుకున్నారు. లౌరీ, భర్త ఈవన్ కలిసి కూడబెట్టింది పదకొండు వేల పౌండ్లు. ముందుగా కట్టే ఆ కాస్త డిపాజిట్‌తో మామూలు లోను వస్తుంది గానీ నెలకు కట్టేది మీరు మోయలేనంత అవుతుంది అన్నాడు లోన్లు ఇప్పించే బ్రోకరు. నెలనెలా వడ్డీ ఒక్కటే కట్టే లోనైతే చవక, కానీ ఇంత తక్కువ డిపాజిట్‌కి ఎవరూ ఇవ్వరు. వెతికి వెతికి ఒక చోటు పట్టుకున్నాడు. పాతికేళ్ళు వడ్డీ కడుతూ పోవాలి, ఆఖర్న అసలంతా ఒక్కసారే చెల్లించాలి. ఎలా చెల్లిస్తారో ముందే రాసివ్వాలి.

మా అత్తగారి చిన్న బంగళా ఉందిగా, ఎప్పటికైనా మాకే వస్తుందిగా అంది లౌరీ. బ్రోకరు ముఖం విప్పారింది. అయితే ఆవిడ దగ్గర చిన్న ఉత్తరం మీద సంతకం తెండి చాలు అన్నాడు.

ఆ ఉత్తరమే గ్లెనిస్ రెండు వారాలుగా టీ డబ్బా కింద పెట్టుకుని కూర్చుంది. ఈవన్ అడిగితే కళ్ళజోడు కనబడలేదు అంటుంది. లౌరీ అడిగితే పిల్లకు అరటిపండు పెట్టనా అంటుంది. రేపు శుక్రవారంతో గడువు అయిపోతుంది. ఈ మధ్య కార్డిఫ్ నుంచి ఆడపడుచు షానెడ్ రెండుసార్లు వచ్చి వెళ్ళింది. ఇల్లు కూతురి పేర రాస్తోందేమోనన్న మాట లౌరీ నోట రాలేదు గానీ, మనసులోంచి పోలేదు.

వంటగదికి ఆలస్యంగా వస్తానని ఫోను చేసి, నియాను తోపుడు బండిలో కూర్చోబెట్టి తొమ్మిదింటికే బయలుదేరింది.

అనుకున్నంతా అయింది. గ్లెనిస్ గుమ్మంలోంచి కోటు వేసుకున్న కుర్రవాడొకడు బయటికొచ్చి, కిటికీలకు ఫోటోలు తీసుకుని, కారెక్కి వెళ్ళిపోయాడు. కారు మీద ఇళ్ళు అమ్మిపెట్టే ఏజెన్సీ పేరుంది. లౌరీ లోపలికి వెళ్ళి పిల్లను చాప మీద దించింది.

"ఇల్లు అమ్మేస్తున్నారా అత్తయ్యా?"

"పదకొండింటికి రమ్మన్నాను కదా," అంది గ్లెనిస్.

"షానెడ్‌కి ఇవ్వడానికేనా? అలాగైతే మొదటి రోజే చెప్పాల్సింది. మేమిద్దరం పిచ్చివాళ్ళలా మీ చుట్టూ తిరుగుతున్నాం."

గ్లెనిస్ టీ డబ్బా ఎత్తి, కింద ఉన్న కాగితం తీసి లౌరీ చేతిలో పెట్టింది. "చదువు. పైకి చదువు."

పదహారేళ్ళకే బడి మానేసిన లౌరీకి ఇలాంటి కాగితాలంటే భయం. అక్షరాలు చూస్తుంది, సంతకం ఎక్కడో వెతుక్కుంటుంది. ఈసారి ఒక్కో మాటా కూడబలుక్కుని చదివింది. గడువు తీరేనాటికి, తల్లి మరణానంతరం సంక్రమించే ఇంటిని అమ్మి, అసలు మొత్తాన్ని... అక్కడ ఆగింది.

"నాకిప్పుడు అరవై ఒకటి," అంది గ్లెనిస్ తాపీగా. "పాతికేళ్ళంటే ఎనభై ఆరు. మా అమ్మ తొంభై మూడేళ్ళు బతికింది. నేనూ అలాగే మొండికేస్తే ఏం చేస్తారమ్మాయ్? నన్ను సాగనంపడానికి బ్యాంకువాళ్ళు మనిషిని పంపిస్తారా?"

లౌరీ కాగితం బల్ల మీద పెట్టింది.

"నా కొడుకు ఇంత మాట రాయించాడా అని రెండు వారాలుగా అన్నం సయించడం లేదు నాకు."

ఈవన్ మీదికి తోసేసి ఊరుకోవచ్చు. ఒక్క క్షణం లౌరీకి అలాగే అనిపించింది కూడా. "ఆయన కాదు అత్తయ్యా. బ్రోకరు అడిగితే నేనే చెప్పాను. ఆయన తల వంచుకుని కూర్చున్నాడు. మీ ఇల్లన్నానే గానీ, ఆ మాటలో మీరు లేకుండా పోవడం కూడా ఉందని నాకు తట్టలేదు."

గ్లెనిస్ సొరుగు తీసి ఇంకో ఉత్తరం బల్ల మీద పెట్టింది. అది ఆవిడకు లోను ఇచ్చిన బ్యాంకు నుంచి వచ్చింది. ఈ బంగళా కొన్నదీ అలాంటి లోనుతోనే. ఇరవై ఏళ్ళుగా వడ్డీ తప్పకుండా కట్టింది, అసలు డెబ్భై వేలు ఎక్కడిదక్కడే ఉంది. నవంబరులో మొత్తం కట్టాలి. ఆఖర్న ఎలా తీరుస్తారని ఆనాడు అడిగితే, ఉక్కు ఫ్యాక్టరీ నుంచి భర్త హవెల్ రిటైరైతే వచ్చే డబ్బుతో అని రాశారు. హవెల్ రిటైరవకుండానే పోయాడు, ఇక ఇల్లు అమ్మితే తప్ప ఆ అప్పు తీరదు. షానెడ్ వచ్చింది ఇల్లు రాయించుకోవడానికి కాదు, ఏజెన్సీలతో మాట్లాడటానికి.

"మీకు వచ్చే ఇల్లు లేదు తల్లీ. లేని ఇంటి మీద సంతకం ఎలా పెట్టను? లేదని ఏ ముఖంతో చెప్పను?"

లౌరీ కుర్చీలో కూలబడి, మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చింది. ఇన్నాళ్ళూ ఈ మనిషి తమ నోటి దగ్గరిది లాక్కుంటోందనుకుంది. ఈవిడేమో తల మీద కప్పు పోతుందన్న బెంగ ఒక్కతే మోసింది. ఏడుపు విని నియా చాప మీంచి లేచి వచ్చి, ఎవరి దగ్గరికి వెళ్ళాలో తెలియక మధ్యలో నిలబడింది. గ్లెనిస్ ఒక చేత్తో పిల్లనూ, ఇంకో చేత్తో కోడలినీ దగ్గరికి తీసుకుంది.

సాయంత్రం పని నుంచి వచ్చిన ఈవన్ రెండు ఉత్తరాలూ చదివి, తల్లి పక్కన కూర్చుని ఎంతసేపటికీ లేవలేదు. బంగళా అమ్మి అప్పు కట్టేస్తే ఎంత మిగులుతుందో షానెడ్ ఫోన్లో చెప్పింది. అది పట్టుకుని అద్దె గదిలోకి పోతానంది గ్లెనిస్. లౌరీ ఒప్పుకోలేదు. కింద ఒక గది ఉన్న ఇల్లు చూద్దాం, అందరం కలిసే ఉందాం, ఆ డబ్బూ మా పదకొండు వేలూ కలిపి డిపాజిట్ కడదాం అంది. ఇంటి కాగితాల్లో మీ పేరు కూడా ఉండాల్సిందే అని పట్టుబట్టింది. గ్లెనిస్ రెండు రోజులు గునిసి, సరేనంది.

మరుసటి వారం లోన్లిచ్చే వేరే సంస్థకు లౌరీయే ఫోను చేసింది. ఈవన్ మాట్లాడతానంటే వద్దంది. అవతలి ఆవిడ లెక్కలు చెప్పింది. అసలూ వడ్డీ కలిపి నెలకు కట్టేది ముందనుకున్న దానికంటే ఎక్కువే. లౌరీ ఒక్కటే అడిగింది.

"ఆఖరి నెల కట్టేశాక మేం మీకు ఎంత బాకీ ఉంటామండీ?"

"ఏమీ ఉండదండీ. ఇల్లు పూర్తిగా మీదే."

లౌరీ ఫోను స్పీకరులో పెట్టి, బల్లకు అటువైపున్న అత్తగారి వైపు జరిపింది.

గ్లెనిస్ ముందుకు వంగి, చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఇంకోసారి చెప్పమను," అంది.