నెక్స్ట్ హాప్ ఎనిమిది

“ఫార్ములా రెండుసార్లు పోయింది. మూడోసారి పోకూడదు.” చెవిలోని బుల్లి రిసీవర్‌లో చీఫ్ గొంతు. “అచ్యుతాపురం మందుల కంపెనీ. అనకాపల్లిలో దిగి వెళ్ళు. ఎవర్నీ నమ్మకు.”

ఏజెంట్ త్రినాధరావు ఎవర్నీ నమ్మడు. చీఫ్‌ని కూడా.

ఏసీ మెకానిక్ వేషంలో సర్వర్ రూమ్‌లో అడుగుపెట్టాడు. ఎర్ర చీర, ఖరీదైన సెంటు. డిపార్ట్‌మెంట్ ముందే పంపిన ఏజెంట్ సిరి, నెట్‌వర్క్ ఇంజనీర్‌గా కూర్చుని ఉంది.

“ఉప్మాక గుడి ప్రసాదం తెచ్చేరా?” అంది.

“చీమలు పట్టేయి.”

కోడ్ సరిపోయింది. అనుమానం తగ్గలేదు.

కేన్సర్ మందు ఫార్ములా షిఫ్ట్ సైరన్ ఆగగానే హైదరాబాద్ ల్యాబ్‌కి వెళ్తుంది. విదేశీ ముఠా దారిలో కాజేస్తోంది. లైన్ వేసిన టెక్నీషియన్ సత్తియ్యే దొంగ అని అతన్ని సెక్యూరిటీ గదిలో కూర్చోబెట్టారు. ఇవాళా పోతే అతనికి జైలే.

స్క్రీన్ మీద రెండు రూట్లు. రెండూ హైదరాబాద్‌కే. నెక్స్ట్ హాప్‌లు వేరు. అంటే, రౌటర్ సరుకును ముందుగా అందించే చేతులు వేరు. ఒక అడ్రస్ చివర ఎనిమిది, ఇంకోదాని చివర తొమ్మిది.

“తొమ్మిది ముఠాది,” అంది సిరి. “దాని మీద ఫిల్టర్ పెట్టండి. ఆ నెక్స్ట్ హాప్ ఉన్న రూట్‌ని రౌటర్ ఇక తీసుకోదు. ఏటండీ అలా సూత్తారు? నమ్మట్లేదా?”

నవ్వు బాగుంది. తొందర బాగాలేదు.

అతను సెక్యూరిటీ గదికి ఫోన్ కలిపి, సత్తియ్యని పిలిపించి, స్పీకర్ నొక్కాడు. “మామా, నీ లైను చివరంకె ఏటి?”

“దొంగనన్నారు కదా బాబూ, మళ్ళీ నన్నడుగుతారేటి?” సత్తియ్య గుర్రుమన్నాడు.

“సెప్పు మామా, టైం లేదు.”

“తొమ్మిది.”

సిరి పకపకా నవ్వింది. “వినండి. దొంగే ఒప్పుకున్నాడు.”

“మరి ఎనిమిది ఎవరికిచ్చేవు?”

“ఎనిమిదా! అది శనిగాడి అంకె. నెంబరు చివర ఎనిమిదొచ్చిందని కొన్న బండే ఎనక్కిచ్చేసేను. మిషన్లకి పెడతానా? ఏడు తర్వాత తొమ్మిదే. స్టిక్కర్లు సూసుకో.”

త్రినాధరావు మిషన్ల మీద టార్చి వేశాడు. ఆరు, ఏడు, తొమ్మిది. కింద వరసలో పదిహేడు, పంతొమ్మిది. స్టిక్కర్లు పాతవి, మాసిపోయినవి. సత్తియ్య వదిలేసిన అంకెలో ఎవరో దూరారు.

సైరన్ మొదలైంది.

సిరి చేతిలో లిప్‌స్టిక్ మూత ఊడింది. లోపల సూది. అతను స్పానర్‌తో ఆమె మణికట్టు మీద కొట్టి, రెండో చేత్తో టైప్ చేశాడు. నెక్స్ట్ హాప్ ఎనిమిది: తిరస్కరించు. మిగతావన్నీ: అనుమతించు. ఆ రెండో లైన్ మరిస్తే మంచి దారీ మూసుకుపోతుంది.

ఎంటర్. ఎనిమిది మాయమైంది. సైరన్ ఆగింది.

“అందింది,” అంది హైదరాబాద్.

సిరిని బేడీలతో తీసుకెళ్ళారు. బయట త్రినాధరావు జీపు తలుపు తెరిచాడు. “పద మామా, ఇంటి కాడ దింపుతాను.”

సత్తియ్య జీపును ఒకసారి, అతన్ని ఒకసారి చూశాడు.

“వద్దులే బాబూ. కంపెనీ బస్సెక్కుతాను. దాని రూటు నాకు తెలుసు.”