చెప్పుల మీది రాయి

ముంబై కామాటిపుర పదకొండో గల్లీలో మధ్యాహ్నం నాలుగింటికి చాయ్ బండి దగ్గర ఎప్పటి రద్దీయే ఉంది. గల్లీ మధ్యలో నిలువెత్తు కంటే లోతైన గుంత, దాని అంచున నాలుగు జతల చెప్పులు, వాటికి కాపలాగా మల్లవ్వ.

నాగ్‌పాడా వైపు మూతబడ్డ మిల్లు జాగాలో డేటా సెంటర్ లేస్తోంది. దేశంలో ఏఐ అంతా ఇకమీదట అలాంటి వాటి నుంచే నడుస్తుందట. దానికి పోయే కేబుల్ గొట్టాలు ఈ గల్లీ కిందనే పడాలి. అడ్డుగా పెట్టిన రేకుల మీద తెల్లటి గదులూ నీలం దీపాలూ ఉన్న బొమ్మ ఒకటి అతికించారు. ఇక్కడ చూడబోతే పాత మోరీ పగిలి గుంతలోకి నల్లటి జిగురు కారుతోంది. అందులో వెంట్రుకల ఉండలు, కుళ్ళిన గుడ్డపేలికలు, పొట్ట ఉబ్బిన ఎలుక. పొద్దుటి నుంచి ఆ కంపుకు మల్లవ్వ గొంతులోకి చాయ్ కూడా దిగలేదు.

"దేశం తెలివంతా ఈ పెంటల నుంచే పోతదట!" అని తుపుక్కున ఉమ్మింది.

గుంతలోకి దిగినవాళ్ళలో ఆమె తమ్ముడు చంద్రయ్య ఒకడు. భార్య పోయినప్పటి నుంచి పన్నెండేళ్ళ కూతురు స్వప్నతో అక్క గదిలోనే ఉంటున్నాడు.

మట్టిపనివాళ్ళకు తాతలనాటి కట్టుబాటు ఒకటుంది. దిగేవాడు చెప్పులు గుంత వైపు తిప్పి అంచున విడవాలి. వాటి మీద ఒక రాయి పెట్టాలి. పైకొచ్చాక ఎవరి రాయి వాళ్ళే తీసుకోవాలి. ఒక్క జత మిగిలినా సరే, గుంత పూడ్చడానికి వీల్లేదు. బురద పూసుకున్నాక మొహాలన్నీ ఒకలాగే ఉంటాయి, మొహాలు కాదు చెప్పులు చూడమని మల్లవ్వకు ఆమె అత్త నేర్పింది. ముప్పై ఏళ్ళుగా ఆ లెక్క ఒక్కసారీ తప్పలేదు.

ఉన్నట్టుండి వాన దంచికొట్టింది. మోరీ నీళ్ళు బుసబుసమంటూ గుంతలోకి దూకాయి. సూపర్‌వైజర్ అతుల్ గొడుగు కింద నుంచి కేకేశాడు. అతనూ ఈ గల్లీ తెలుగువాడే, కాకపోతే నోటికి మరాఠీయే ముందొస్తుంది, పిన్ని అనాల్సిన చోట మావ్శీ అంటాడు.

"మావ్శీ, జల్దీ! కాంక్రీట్ గాడీ వచ్చేసింది. రేపు ఈ లైన్ ఉద్ఘాటన్ ఉంది, రిబ్బన్ కోస్తరు!"

ఒకడు పైకొచ్చాడు. వెనకే ఇంకొకడు. మూడోవాడు వాంతి చేసుకుంటూ, "చంద్రయ్య నా ఎన్కనే ఉన్నడక్కా" అన్నాడు.

నాలుగోవాడు చాలాసేపటికి పాక్కుంటూ వచ్చాడు. కళ్ళెక్కడున్నాయో తెలియనంత బురద. వంగి రాయి తీశాడు. పిన్నీసు పెట్టి బాగుచేసిన చంద్రయ్య నీలం చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. కుడిది ఎడమకాలికి... ఎడమది కుడికాలికి...

మల్లవ్వ చూసింది. పిలుద్దామనుకుంది. ఈలోగా అతుల్, "ఝాలా కా?" అని మళ్ళీ అరిచాడు. అంచున ఒక్క జతా లేదు.

"అయింది" అనేసింది.

గుంతలోకి కాంక్రీటు దబదబా పడింది.

ఆరింటికి తాముండే చాల్ మెట్లెక్కుతుంటేనే మోరీ కంపు ఎదురొచ్చింది. స్వప్న చున్నీతో ముక్కు మూసుకుని వరండాలో నిలబడింది.

"అత్తా... పప్పా మాట్లాడ్తలేడు. రెండు బకెట్లు పోసిన. బురద పోతనే లేదు."

లోపల అతను గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. అన్నం గిన్నెలో చెయ్యి పెట్టి కలుపుతున్నాడు. కలుపుతూనే ఉన్నాడు. ఒక్క ముద్దా నోటికి పోవడం లేదు. అన్నం నల్లగా, జిగురుగా సాగుతోంది. మల్లవ్వ దగ్గరికి పోయింది.

"చంద్రీ..."

తడిగుడ్డతో భుజం గట్టిగా తుడిచింది. బురద ఊడింది. దాని కింద బురద. ఇంకా తుడిచింది. బురదే. వేళ్ళు లోపలికి దిగబడ్డాయి... చల్లగా... మెత్తగా. చర్మం ఎక్కడా తగల్లేదు. చెయ్యి లాక్కుంటే వేళ్ళకు వెంట్రుకలు చుట్టుకుని వచ్చాయి.

"స్వప్నా, ఈడనే నిలబడు. లోపలికి పోకు!" అని చెప్పి మెట్ల మీద పడుతూ లేస్తూ పరిగెత్తింది.

గుంత ఉన్నచోట అతుల్ కొత్త కాంక్రీటు మీద ప్లాస్టిక్ పట్టా కప్పిస్తున్నాడు. మల్లవ్వ అతని చెయ్యి పట్టుకుంది.

"తవ్వించు బిడ్డా... నా తమ్ముడు లోపలనే ఉన్నడు, ఇంట్ల కూసున్నది వాడు కాదు. నీ కాళ్ళు మొక్కుత."

ఆమె అరుపులకు జనం పోగవుతుంటే, తప్పదనుకుని అతుల్ ఆ మనిషిని చూడ్డానికి ఆమెతో చాల్ పైకొచ్చాడు. గడప బయటే ఆగి, కర్చీఫ్ ముక్కుకు అదుముకుని లోపలికి తొంగిచూశాడు. అతని మొహం తెల్లబోయింది. అయినా గొంతు సవరించుకున్నాడు.

"అదిగో... కూసున్నడు కదా మావ్శీ. నలుగురు దిగిన్రు, నలుగురు వచ్చిన్రు. అయిందని చెప్పింది నువ్వే."

మళ్ళీ లోపలికి చూడకుండా గబగబా దిగిపోయాడు. వాడి మీదా, తన నోటి మీదా మల్లవ్వకు ఒకే రోత పుట్టింది.

అప్పుడు తట్టింది. వరండాలో స్వప్న లేదు.

"స్వప్నా..."

గదిలోనూ లేదు. గోడ వైపు తిరిగిన ఆ వీపు మాత్రం ఉంది. చెయ్యి ఇంకా కలుపుతోంది.

గడప దగ్గర నీలం చెప్పులు. వాటిని ఆనుకుని స్వప్న గులాబీరంగు చెప్పులు. రెండు జతలూ గుంతలోకి దిగేవాళ్ళు విడిచినట్టు గది వైపే తిప్పి ఉన్నాయి. పిల్ల చెప్పుల మీద ఒక రాయి.

మల్లవ్వ చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. ఎవరి రాయి వాళ్ళే తీసుకోవాలి.

రాయికి అంటిన కాంక్రీటు ఇంకా తడారలేదు.